బండికి కందెన - కారునకు బుష్షు

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అను సామెత నెఱుగని రైతు లేడు. ఇరుసు కిఱ్ఱుమన్నదా, బండి యజమాని ఆ నాడే సీల తీసి, చక్రము నీడ్చి, కందెన పూసి కాని ఎడ్లను కట్టడు. కట్టినయెడల చూచువారు నవ్వుదురు, ఎడ్లును బాధపడును. ఇట్టి వివేకము గల మన సోదరులే, ఇంటిముందఱి ప్రాత కారు మాట వచ్చునప్పటికి ఏల చెవిటివా రగుదురో తెలియకున్నది. గుంతలో దిగినపుడెల్ల ముందు చక్రముల చెంత 'టక్కు' మని చప్పుడు వచ్చుచుండును. "ప్రాత కారు గదా, చప్పుడు చేయక మానునా?" అని పాటల పెట్టె గొంతు పెంచి సాగిపోవుదురు. ఆ చప్పుడు ముసలితనపు మూలుగు కాదనియు, చినిగిపోయిన యొక చిన్న రబ్బరు తునుక పెట్టు మొఱ యనియు, దాని నాలకింపకుండుట ధననష్టమునకే గాక ప్రాణనష్టమునకును త్రోవ తీయుననియు మన సంఘ సభ్యులకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పరులకు చెప్పుటకు మునుపు నా తప్పు నేను చెప్పుకొనుట న్యాయము. గ్రామములు తిరుగుటకు నేను వాడునది ఒకరి చేతినుండి కొన్న మారుతి 800 కారు. ఆ జాతి కార్లు 1983 లో రోడ్డెక్కినవి. 2014 లో వాని తయారీ ఆగిపోయినది. కావున నేడు మన యూళ్లలో తిరుగుచున్న వానిలో మిక్కిలి పిన్నదియు పదియేండ్లు దాటినదే. నా కారు ఎడమ ముందు టైరు లోపలి అంచున నున్నగా అఱిగినది. టైర్లు రెండును మార్చితిని. కొన్ని నెలలకే మరల అదే అఱుగుదల. ఎవరో చెప్పగా షాకబ్జార్బర్లు మార్చితిని. చప్పుడు పోలేదు. బ్రేకు నొక్కినపుడు కారు ఎడమకు లాగుచుండెను. చేతితో సరిచేసికొనుచు, పని యున్నదను నెపముతో, ఆ విధముగనే తిరుగుచుంటిని.

ఒక సంక్రాంతి దినములలో, ప్రొద్దు క్రుంకిన పిదప, గోదావరి డెల్టాలో ఒక కాలువ గట్టు మీదుగా వచ్చుచుండగా, ధాన్యపు బస్తాల ట్రాక్టరొకటి దీపము లేకుండ మలుపు తిరిగి ఎదుటబడినది. బ్రేకు నొక్కితిని. కారు నా చేతికి లొంగక ఎడమకు మొగ్గి, గట్టు వాలునకు జానెడు దూరమున గడ్డిలో నిలిచినది. నా ప్రక్కను ఒక వృద్ధ రైతును, వెనుక ఆయన మనుమరాలును ఉండిరి. కొంతసేపు ముగ్గురమును మాటలాడలేకపోతిమి. పిదప ఆ పెద్దాయన, "బాబుగారూ, తెగులు వచ్చినపుడు ఆకు తిరుగవేసి చూడుమని మాకు చెప్పుదురు గదా, మీ బండి అడుగు మీరు వంగి చూచితిరా?" అని మాత్రమే అనెను. ఆ మాటలో కోపము లేదు. అయినను అది నాకు నేటికిని ములుకువలె గ్రుచ్చుకొనుచునే యున్నది.

మఱునాడు పట్టణములో నొక ముసలి మేస్త్రీ కారు నెత్తి, చిన్న ఇనుప కమ్మీ పెట్టి మెల్లగా కదపి నాకు చూపెను. రబ్బరు తన గొట్టము నుండి ఊడి చినిగియుండెను. నడుమ బోల్టు ఇటునటు ఆడుచుండెను. అంతకుమున్ను టైర్లకును షాకబ్జార్బర్లకును నేను పోసిన ధనము ఆ రబ్బరు ముక్కల వెలకు అనేక రెట్లు. గోటితో పోవుదానికి గొడ్డలి యెత్తితిని. అదియు వేఱొక చెట్టుమీద నెత్తితిని.

ఇంతకును ఈ బుష్షనగా నేమి? కారు చక్రమును దేహముతో కలిపి పట్టియుంచు ఇనుప చేయి యొకటి కలదు. మరమ్మతువారు దానిని లోయరు ఆర్మందురు. ఈ చేయి దేహమున కతుకుచోట తలుపు బందువలె పైకిని క్రిందికిని ఆడవలెను. ముందువెనుకలకు మాత్రము ఊగరాదు. ఆ కీలులో నుండునదే బుష్షు. లోపల నొక ఉక్కు గొట్టము, వెలుపల నొక ఉక్కు గొట్టము, నడుమ రెంటికిని గట్టిగా నంటిన రబ్బరు. లోపలి గొట్టమును బోల్టు దేహమునకు బిగించును; వెలుపలి గొట్టము ఆర్ము కంటిలో బిగుతుగా దిగియుండును. చక్రము లేచి దిగునపుడు ఇనుము ఇనుముపై రాయదు. రబ్బరు కొంత మెలిపడి, మరల తన స్థితికి వచ్చును. గుంతల అదురును మ్రింగునదియు అదియే. మారుతి 800 వంటి కారులో ఆ చేయి ముందువెనుకలకు జరుగకుండ స్టెబిలైజరు బారను అడ్డకడ్డీ పట్టియుంచును. ఆ కడ్డీకిని రబ్బరు బుష్షులే ఆధారము. అవి శిథిలమైనచో బ్రేకు వేసిన క్షణమున చక్రము తన చోటు వీడి జరుగును. గట్టుమీద నాకు కలిగిన యాపద ఇట్టిదే.

బండికిని కారునకును ఇక్కడ నొక భేదము కలదు. బండి చక్రపు కుండ ఇరుసుపై రాచుకొని తిరుగును. అందుచే కందెన కావలెను. రబ్బరు బుష్షులో రాపిడి లేదు. అందుచే కందెన అక్కఱలేదు. అక్కఱలేకుండుటయే కాదు, అది దానికి విషము. ఖనిజపు నూనెయు గ్రీజును సహజ రబ్బరును ఉబ్బజేసి, మెత్తబఱచి చెడగొట్టును. చప్పుడాగునని బుష్షుపై వాడిన ఇంజను నూనె పోయువారిని చూచితిని. వారి యుద్దేశము మంచిదే. ఫలము మాత్రము బుష్షునకు మరణము. అయితే కొన్ని ప్రాత జీపులలో కమాను పట్టీల చివరల గ్రీజు పట్టించుటకు ముక్కు గల లోహపు బుష్షు లుండును. వానికి గ్రీజు తప్పక కావలెను. ఏది రబ్బరో, ఏది లోహమో ఎఱిగి మెలగుటయే తెలివి.

రబ్బరు చిరంజీవి కాదు. పచ్చి రబ్బరు వేడికి జిగటయై, చలికి పెళుసై యుండెడిది. 1839 లో అమెరికాలో చార్లెసు గుడియరు దానిని గంధకముతో కలిపి వేడిచేసిన స్థిరమైన సాగుగుణము వచ్చునని కనిపెట్టెను. 1844 లో ఆ పద్ధతికి పేటెంటు పొందెను. అట్టి రబ్బరునకును ఎండ, వేడి, గాలిలోని ఓజోను, నూనె తడి ఇవన్నియు శత్రువులే. ఏండ్లు గడచినకొలది అది గట్టిపడి, పగుళ్లు వాఱి, తుదకు చినుగును. తక్కువ దూరము తిరిగిన కారైనను, వయసు ముదిరిన బుష్షు శంకింపదగినదే.

మన రోడ్లు ఈ ముదిమిని త్వరపఱచుచున్నవి. నల్లరేగడి వానకు ఉబ్బును. ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు వాఱును. దానిపై వేసిన రోడ్డు ఎంత నునుపైనను కొన్నాళ్లకు అలలు తేలును. దీనికితోడు మన స్వయంకృతాపరాధ మొకటి కలదు. దమ్ము చక్రములతో ట్రాక్టరును తారురోడ్డు మీద నడుపు దురభ్యాసము మనలో అనేకులకు కలదు. బురద కలుపుటకు చేసిన ఇనుప పళ్లు రోడ్డును దున్నివేయును. ఆ గుంతలో తరువాత దిగునది మన కారే, మన పాలబండియే, మన పిల్లల బడి బస్సే. చక్రములు మార్చుకొనుటకు ఓపిక లేనివాడు, పిమ్మట బుష్షులు చెడినవని విచారించుట వింత గాదా?

ఇక చెడిన బుష్షును గుర్తించుట యెట్లు? మొదటిది, గుంతలలోను వేగనిరోధపు దిబ్బల మీదను ముందు భాగమున మొద్దు చప్పుడు. రెండవది, తిన్నని రోడ్డుపై కారు ఒక రేవున నిలువక తిరుగాడుట. మూడవది, బ్రేకు వేసినపుడు ఒక ప్రక్కకు లాగుట. నాలుగవది, టైరు ఒక అంచున మాత్రమే అఱుగుట. అయితే ఈ లక్షణములు బుష్షునకే చెందినవి కావు. సడలిన నట్లు, అఱిగిన బాలు జాయింటు, చెడిన చక్రపు బేరింగు, పట్టిన బ్రేకు వీనివలనను ఇందు కొన్ని కలుగవచ్చును. ఆకు పసుపైనంత మాత్రమున ఎరువు లోపమే యని తేల్చి బస్తా కుమ్మరించువాడు నష్టపోవును గదా! అట్లే చప్పుడు వినినంతనే సామానులన్నియు మార్పించుటయు మోసపోవుటకు దారియే. కారు నెత్తించి, దివిటీ వెలుగున బుష్షులను చూడుడు. రబ్బరు పగిలెనా, గొట్టము నుండి విడివడెనా, ఒక ప్రక్కకు క్రుంగెనా యని చూచి, కమ్మీతో మెల్లగా కదపి, కుడి ఎడమలను పోల్చుడు. పైపై సన్నని గీతలున్నంత మాత్రమున భయపడ నక్కఱలేదు. లోతుగా చినుగుటయు, బోల్టు తన స్థానమున నిలువకుండుటయు దోషములు.

దీనికి కొందఱు ఆక్షేపణలు చెప్పుదురు. "ప్రాత కారునకు మరల ఖర్చేల?" యందురు. ముసలి యెద్దునకు గడ్డి వేయము అనువారు దానిచేత పని చేయించుకొనరాదు. కారు నడుపుచున్నంత కాలము దాని కీళ్లు కాపాడుట మన విధి. పైగా బుష్షు దాచిన ధనము టైరు రూపమున పోవును. మఱికొందఱు "మా కారునకు రిజిస్ట్రేషను తిరిగి వచ్చినది, అధికారి చూచియే యిచ్చినాడు" అందురు. సొంత కారునకు పదునైదేండ్లు నిండిన పిమ్మట తనిఖీ చేసి అయిదేండ్లకు రిజిస్ట్రేషను పొడిగించుట చట్టమందు కలదు. కాని కాగితము రబ్బరును అయిదేండ్లు చినుగకుండ ఆపలేదు. ఇంక కొందఱు "ఇప్పటికిని నడుచుచునే యున్నది గదా" అందురు. నా కారును ఆ గట్టు వఱకు నడుచుచునే యుండెను.

మార్చవలెనని తెలిసినంత మాత్రమున చాలదు. చెడ్డగా మార్చిన క్రొత్త బుష్షు ప్రాతదానికంటె త్వరగా చెడును. రైతు తానే మార్చుకొనవలెనని నే ననను. అయితే మేస్త్రీ చెంత నిలిచి మూడు ప్రశ్న లడుగవలెనని మాత్రము గట్టిగా చెప్పుదును.

మొదటి ప్రశ్న: "రెండు ప్రక్కలును మార్చుచున్నారా?" ఒక ప్రక్క క్రొత్తది, ఒక ప్రక్క ముదిసినది యుండిన, ఒక ఎద్దు లేగ, ఒక ఎద్దు ముసలియైన కాడివలె కారు ఒకవైపు లాగును. ఎడమది చినిగిన, కుడిదియు అంతే దూరము తిరిగినదని మఱవరాదు. ఆర్ము చివరి బాలు జాయింటు కూడ అఱిగినదైన, లేక ఆర్ము వంగినదైన, బుష్షు మాత్రము మార్చుట వృథా. అపుడు ఆర్మంతయు మార్చుటయే లాభము.

రెండవ ప్రశ్న: "నొక్కి దింపుచున్నారా, కొట్టి దింపుచున్నారా?" బుష్షును ప్రెస్సుతోనో, పొడవైన మరబోల్టు, తగిన గొట్టములు పెట్టి బిగించియో తిన్నగా దింపవలెను. నొక్కుడు వెలుపలి గొట్టపు అంచుపై పడవలెను గాని రబ్బరుపై పడరాదు. సుత్తితో మోదిన గొట్టము సొట్టపడును, ఆర్ము కన్ను చెడును. నేను చదివిన మిషను పాఠశాలలో వడ్రంగము నేర్పిన అయ్యవారు, కూసమునకు తొలి రెండు అమరనియెడల దెబ్బ పెంచక మరల కొలత చూడుమనెడివారు. ఇచ్చటను అదియే నీతి. బిగుతైనచో సబ్బునీరు రాయవచ్చును, నూనె రాయరాదు. కొన్ని బుష్షుల రబ్బరులో ఖాళీ లుండును. అవి ఏ దిక్కున నున్నవో ప్రాతది తీయకముందే గుర్తు పెట్టుకొని, క్రొత్తదానిని అట్లే అమర్చవలెను. ప్రాతదానిని మంటపెట్టి కాల్చి తీయు నలవాటును మానిపింపవలెను. ఆ పొగ ఊపిరికి చేటు, ఆ వేడి ఉక్కునకు చేటు. ఱంపముతో వెలుపలి గొట్టమును జాగ్రత్తగా కోసిన అదియే వదులై వచ్చును.

మూడవ ప్రశ్న: "కడపటి బిగింపు చక్రములు నేల నానినపుడే చేయుచున్నారా?" ఇది యన్నిటికంటె ముఖ్యము, మేస్త్రీలు సైతము తఱచుగా మఱచునది. కారు పైకెత్తినపుడు చక్రము క్రిందికి వ్రేలాడుచుండును. ఆ స్థితిలో లోపలి గొట్టమును బోల్టుతో బిగించితిమా, కారు దించినంతనే రబ్బరు మెలిపడి, నిలిచియున్నపుడు సైతము మెలితోనే యుండును. ప్రతి గుంతయు ఆ మెలిని పెంచును. క్రొత్త బుష్షు కొలది కాలముననే చినుగుటకు కారణ మిదియే. అపుడు మనము బుష్షు నకిలీదని దుకాణదారుని తిట్టుదుము. కావున బోల్టును మొదట వదులుగానే యుంచి, కారు బరువు చక్రములపై పడినపుడు గుంతలో దిగి గాని, ర్యాంపుపై గాని, తయారుచేసినవారు చెప్పిన కొలతకు టార్కు రెంచితో బిగింపవలెను. అట్టి సౌకర్యము లేనిచోట, పని మొదలిడకముందే చక్రపు నడిమి నుండి పైనున్న రేకు అంచు వఱకు టేపుతో కొలిచి వ్రాసికొని, కారును స్టాండ్లపై నుంచియే, రెండవ జాకీతో ఆర్మును ఆ కొలత వచ్చువఱకు లేపి బిగింపవచ్చును. పనియైన పిదప చక్రముల పొందిక, అనగా వీలు అలైనుమెంటు, చూపింపవలెను.

ప్రాణరక్షణ గుఱించి రెండు మాటలు. జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. జాకీపై మాత్రమే యున్న కారు క్రింద తల పెట్టరాదు; గట్టినేలపై, ఉక్కు స్టాండ్లు పెట్టి, వెనుక చక్రములకు అడ్డు వేసి కాని పని మొదలిడరాదు. ఇటుకల దొంతి స్టాండు కాదు, అది పగులును. చుట్ట స్ప్రింగు ఆర్ముపైననే కూర్చున్న కార్లలో, ఆర్ము విప్పిన స్ప్రింగు ఎగిరి ప్రాణము తీయగలదు. వానిని తెలిసినవారికే విడువవలెను.

ఇప్పుడు సంఘము మాట. పైని చెప్పిన సాధనములలో ఏదియు దుర్లభము కాదు. ఒక చేతి ప్రెస్సు, కొలతల గొట్టములు, ఒక టార్కు రెంచి, రెండు జతల స్టాండ్లు, గిడ్డంగి ప్రక్కన సిమెంటు గుంత యొకటి. అయినను ఏండ్ల కొకమాఱు వాడుటకై ఏ రైతును వీనిని కొనజాలడు. చిన్న మేస్త్రీకిని భారమే. అందుచేతనే సుత్తియు మంటయు ఆయుధము లగుచున్నవి. ఒక్కనికి సాధ్యము కానిది పదిమందికి సులభము. 1904 లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినపుడు చిన్న రైతునకు తక్కువ వడ్డీకి అప్పు దొరకునట్లు చేయుటయే దాని తలంపు. నాడు కూడినది ధనము. నేడు పనిముట్టును కూడవలెను. పిచికారీ యంత్రములు అద్దె కిచ్చు సంఘమునకు, ఈ సాధనములను సభ్యులకును ఊరి మేస్త్రీకిని దినపు అద్దెకిచ్చుట క్రొత్త విద్య గాదు. బుష్షులు సైతము సభ్యుల కార్ల జాతుల ననుసరించి కలిపి తెప్పించినయెడల బేరమును కుదురును, సరుకును నమ్మకమైనది దొరకును.

కావున ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టవలెనని పాలకవర్గమువారిని ప్రార్థించుచున్నాను. అంతవఱకు ప్రతి సభ్యుడును ఒక్క పని చేయవలెను. ఈ వారములో ఒక ప్రొద్దుట, కారు నెవరైన తెలిసినవారిచేత ఎత్తించి, అడుగు వంగి చూడవలెను. ఆకు తిరుగవేసి చూచు కన్ను మనకున్నది. నే నా కంటిని పొలమున వాడి, త్రోవలో మూసికొంటిని. ఆనాడు వెనుక సీటులోని పసిబిడ్డకు ఏమియు కాకపోవుట నా నేర్పు కాదు, దైవకృప. మీరు కృపకొఱకు గట్టు అంచు వఱకు పోవలదు.